వీధికి వీపు పెట్టిన గుడి

కార్విన్ లాండింగ్‌లో సెయింట్ బార్నబస్ గుడి పెద్ద వీధికి వీపు పెట్టి నిలబడి ఉంటుంది. కొత్తవాళ్ళు వీధిలోంచి వస్తారు. తలుపు కనపడదు. గోడ చుట్టూ తిరిగి, గడ్డిలో బూట్లు తడుపుకుని, చివరికి వెనక సరస్సు వైపు దాన్ని కనుక్కుంటారు. ఇదేం కట్టడమని విసుక్కుంటారు.

కట్టినవాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు దాన్ని ఇక్కడ కట్టలేదు. సరస్సుకు పడమటి ఒడ్డున పాయింట్ అనే ఊళ్ళో కట్టారు. ఒక ఫిబ్రవరిలో, గడ్డకట్టిన నీళ్ళ మీదుగా, ఎడ్లు లాగితే అది ఇక్కడికి వచ్చింది. ఆ ఎడ్లు ఓరిన్ టేబర్‌వి.

పాయింట్ పడవలు కట్టేవాళ్ళ ఊరు. గుడి కావాలని బిషప్పు అడిగినప్పుడు వాళ్ళు తమకు వచ్చిన పనే చేశారు. లోపల నిలబడి తలెత్తితే కప్పు బోర్లించిన పడవలా ఉంటుంది. దూలాలను కలిపింది ఓక్ చెక్క మేకులు. ఆ మేకులు చెక్కినవాడు ఓరిన్ తండ్రి. తూర్పు గోడకు మూడు నిలువు కిటికీలు, వాటి కింద బలిపీఠం. పడమటి గోడకు తలుపు, దాని మీద గంట గూడు. తలుపు ఎదురుగా సమాధుల తోట. మొదటి వరసలో ఓరిన్ భార్య లవైనా.

తరవాత రైలు వచ్చింది. అది తూర్పు ఒడ్డున, లాండింగ్ వైపు వచ్చింది. పాయింట్‌లో పడవలు కొనేవాడు లేకుండా పోయాడు. ఒక్కో ఇల్లే సరస్సు దాటింది. ఆదివారం ప్రార్థనకు వేసవిలో తెడ్లు వేసుకుంటూ, చలికాలంలో కాళ్ళు జారుతూ వెనక్కి వచ్చేవాళ్ళు. చివరికి ఆ పని కూడా బరువైంది. గుడినే తెచ్చుకుందామన్నారు. సమాధులను తెచ్చుకుందామని ఎవరూ అనలేదు.

సంఘ పెద్దలు ఎడ్ల కోసం ఓరిన్‌ను కూడా పిలిచి, జెరోమ్ విట్‌బెక్ కొట్టు వెనక గదిలో పొయ్యి చుట్టూ కూర్చున్నారు. విట్‌బెక్ సంఘంలో మొదటి పెద్ద. లాండింగ్‌లో పెద్ద వీధి మీద అందరికంటే పెద్ద కొట్టు ఆయనదే. గుడికిచ్చిన స్థలం ఆ కొట్టుకు ఎదురుగా, వీధికీ సరస్సుకీ మధ్య ఉంది.

"తలుపు వీధి వైపుండాలి," అన్నాడు విట్‌బెక్. "ఉన్నది ఉన్నట్టు లాక్కొస్తే తలుపు సరస్సు వైపొస్తుంది. గుళ్ళోకొచ్చేది మనుషులా, చేపలా?"

అందరూ నవ్వారు. ఓరిన్ నవ్వలేదు.

"తలుపు వీధికి పెడితే బలిపీఠం పడమరకు పోతుంది," అన్నాడు.

"పోతే?"

"బలిపీఠం తూర్పునుంటుంది. ఎక్కడైనా అంతే."

విట్‌బెక్ మూల కుర్చీ వైపు తిరిగాడు. అక్కడ గురువు హేల్ అయ్యగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సన్నటి మనిషి. గొంతు అంతకంటే సన్నం. "అయ్యగారూ, ప్రార్థన పుస్తకంలో అలా రాసుందా?"

"రాసి లేదండీ. ఆచారం."

"ఆచారమే కదా."

అయ్యగారు తన బూట్లకేసి చూసుకున్నారు. తిప్పాలనేవాళ్ళను చేతులెత్తమన్నాడు విట్‌బెక్. ఓరిన్ చెయ్యి తప్ప అన్నీ లేచాయి. ఇక అతను లేచి వెళ్ళిపోతాడని, ఎడ్ల కోసం వేరే ఊరికి మనిషిని పంపాల్సి వస్తుందని అనుకున్నారు.

"లాగుతాను," అన్నాడు ఓరిన్. టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

బయట గిడియన్ కోల్ ఎదురుచూస్తున్నాడు. ఆ చుట్టుపక్కల ఎడ్లన్నిటికీ నాడాలు కొట్టేది అతనే. మెథడిస్టు శాఖవాడు. ఈ ఎపిస్కోపల్ గుడితో అతనికి పనిలేదు గానీ ఇలాంటి తమాషా వదులుకునే మనిషి కాదు.

"ఒప్పుకున్నావా? వాళ్ళు తిప్పమన్నారుగా."

"అన్నారు."

"మరి? వాళ్ళ గుడిని వాళ్ళనే లాక్కోమనకపోయావా."

"ఇంకెవడికిచ్చినా తిప్పుతాడు."

"నువ్వు తిప్పవా?"

"ఆగితే కదా తిప్పేది."

గిడియన్‌కు అర్థమైంది. ఈల వేశాడు. ఒడ్డు నుంచి స్థలానికి ఎక్కే దారి కొండచరియను తొలిచి వేసింది. రెండు పక్కలా దుంగల గోడ. గుడి అందులో దూరితే ఇక తిరగడానికి చోటుండదు. ఏ ముఖంతో ఎక్కితే ఆ ముఖంతోనే పునాది మీద కూర్చోవాలి. తిప్పాలంటే కిందనే, ఒడ్డు ముందు మంచుగడ్డ మీద ఆపి తిప్పాలి. అందుకని విట్‌బెక్ అక్కడ గడ్డలో లావుపాటి దుంగ దిగేయించి, తాళ్ళు చుట్టే గానుగలాంటి యంత్రం ఒకటి పెట్టించాడు. దాన్ని తిప్పడానికి తన గుర్రాన్ని కూడా సిద్ధం చేశాడు.

"ఆయన ఆపమంటాడు," అన్నాడు గిడియన్.

"అననీ."

"నీకు ఆయనంటే పడదు. అందుకా ఇదంతా?"

ఓరిన్ టోపీ చెవుల మీదికి లాక్కుని నడిచాడు. పడకపోవడం చిన్న మాట. రెండేళ్ళ కిందట డిసెంబరులో లవైనాకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. డాక్టరు లాండింగ్‌లో ఉన్నాడు. గుర్రం లాగే మంచుబండి, స్లెడ్జి, విట్‌బెక్ దగ్గర ఉంది. ఓరిన్ గడ్డ మీద నడిచి వెళ్ళి, ఆయన తలుపు కొట్టి, స్లెడ్జి అడిగాడు. ఐసు పల్చగా ఉంది ఓరిన్, గుర్రాలు పోతాయి అన్నాడు విట్‌బెక్. నేను దాని మీదే నడిచొచ్చాను అన్నాడు ఓరిన్. నువ్వు గుర్రానివి కాదుగా అన్నాడు విట్‌బెక్. డాక్టరు నడవనన్నాడు. ఓరిన్ ఒక్కడే వెనక్కి నడిచాడు. పాతిపెట్టే రోజు విట్‌బెక్ వచ్చి, టోపీ తీసి, సమాధి పక్కన నిలబడ్డాడు. ఆ రోజు తరవాత ఓరిన్ గుళ్ళో అడుగుపెట్టలేదు.

గుడి ఎలాగూ పోతుంది. దాన్ని ఆపడం అతని చేతిలో లేదు. కానీ తిప్పకుండా పోతే దాని తలుపు పడమరకే ఉంటుంది. ఎంత నీళ్ళు అడ్డమున్నా లవైనాకు ఎదురుగానే ఉంటుంది. తిప్పితే విట్‌బెక్ కొట్టుకు ఎదురుగా ఉంటుంది. అంతే. అతనికి కావలసింది ఆ ఒక్కటే.

*

ఆ ఫిబ్రవరిలో చలి బాగా బిగిసింది. ఓరిన్, గిడియన్ రోజూ గడ్డకు కన్నాలు వేసి, నీళ్ళు తోడి గుడి వెళ్ళాల్సిన దారి మీదే పోశారు. అది పొర మీద పొర గట్టిపడింది. గుడిని మర జాకీలతో ఎత్తారు. కింద రెండు పొడుగాటి దూలాలు వేశారు. స్లెడ్జి కమ్మీల్లా వాటి ముందు చివరలు పైకి చెక్కారు. తూర్పు కిటికీలకు బొంతలు చుట్టి పలకలు కొట్టారు. ఎడ్లకు ములుకుల నాడాలు వేశారు.

తీసుకెళ్ళే రోజు తెల్లారేసరికి రెండు ఒడ్ల జనమూ పాయింట్‌లో ఉన్నారు. లాండింగ్ నుంచి పొయ్యిలు పెట్టుకున్న స్లెడ్జీలు వచ్చాయి. కుక్కలు వచ్చాయి. మెథడిస్టులు కుటుంబాలతో వచ్చి, గుడి మునిగిపోతే చూడాలని మంచి చోట్లు చూసుకుని నిలబడ్డారు.

హేల్ అయ్యగారు తెల్లటి అంగీ వేసుకుని ఉదయ ప్రార్థన చదివారు. తాము నమ్మేదేమిటో అందరూ కలిసి చెప్పే విశ్వాసప్రమాణం దగ్గరకు రాగానే జనమంతా ఒక్కసారిగా తూర్పు తిరిగారు. మగవాళ్ళ టోపీలు దిగాయి. అందరికంటే ముందు తిరిగింది విట్‌బెక్. బొంగురు గొంతుతో అందరికంటే గట్టిగా చెప్పింది కూడా ఆయనే.

"ఇదేంటయ్యా మీవాళ్ళు," అన్నాడు గిడియన్, ఓరిన్ పక్కన గొలుసు బిగిస్తూ. "గాలి మారితే కోళ్ళు తిరిగినట్టు తిరుగుతారు."

"విశ్వాసప్రమాణం చెప్పేటప్పుడు తూర్పు చూడాలి."

"ఎక్కడున్నా?"

"ఎక్కడున్నా. పోయిన వేసవి పడవలో చెప్పారు. పడవ నీళ్ళలో పక్కకు వాలిపోయింది."

"మధ్యలో ఆపేసి సరిచేసుకోవచ్చుగా."

"మధ్యలో ఆపరు. ఇల్లు తగలబడుతున్నా ఆమెన్ దాకా చెప్పాకే నీళ్ళు పోస్తారు. విట్‌బెక్ అయితే కదలడు కూడా. వాళ్ళ నాన్న చిన్నప్పుడే చెవి మెలేసి నేర్పించాడు."

"నువ్వు తిరగలేదే."

"నాకు పనుంది," అన్నాడు ఓరిన్. రెండేళ్ళుగా అతను ఆ మాటలు నోట పలకలేదు.

గుళ్ళోంచి గరిటె చప్పుడు వినపడింది. ఓరిన్ వెళ్ళి తలుపు తోశాడు. ఫిలిండా అత్త, ఆమె వెంట బలిపీఠం బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఆడవాళ్ళంతా లోపల ఉన్నారు. ఫిలిండా ఎవరికీ సొంత అత్త కాదు. ఊరందరికీ అత్తే. ఇనుప పొయ్యి మీద మూకుడులో డోనట్లు వేగుతున్నాయి.

"దిగండి," అన్నాడు ఓరిన్. "ఎవరూ లోపల ఉండకూడదన్నాను."

"ఆ ఇత్తడి దీపాలు ఎవరు పట్టుకుంటారు? నువ్వా?"

"పొయ్యి వెలిగించొద్దని చెప్పాను కదా అత్తా."

"చెప్పావు. వెలిగించాం. కాఫీ తాగుతావా?"

"గడ్డ విరిగితే..."

"విరిగితే గుళ్ళోనే పోతాం. బయట మెథడిస్టుల మధ్య పోయేదానికంటే నయం." ఆమె వేడి డోనట్ ఒకటి అతని చేతిలో పెట్టింది. కళ్ళద్దాల పైనుంచి అతన్ని చూసింది. "తిప్పుతావా ఓరిన్?"

అతను డోనట్ కొరికాడు.

"లవైనా అక్కడ కూర్చునేది," అంది ఆమె, ఒక బల్ల చూపించి. "ఎండాకాలం తలుపు మూస్తే ఒప్పుకునేది కాదు. సరే వెళ్ళు. ఎడ్లు చల్లబడిపోతాయి."

*

ఓరిన్ ముందు జత పక్కన నిలబడ్డాడు. బ్రైట్, బక్. ముసలి ఎడ్లు, తొందరపడవు. వాటి వెనక మిగతా జతలు, ఒకే గొలుసుకు. అతను కర్రతో బ్రైట్ మూపు మీద తట్టాడు.

"హెయ్."

గొలుసు బిగిసింది. ఎడ్ల డెక్కలు గడ్డలో దిగాయి. దూలాలు గడ్డకు అంటుకుపోయి గుడి కదల్లేదు. మెథడిస్టుల్లో ఎవడో, "దానికి విశ్వాసం చాల్లేదు," అని అరిచాడు. గిడియన్ పెద్ద సుత్తి తీసుకుని ఒక దూలం ముందు చివర మీద కొట్టాడు. పరిగెత్తి రెండోదాని మీద కొట్టాడు. పెద్ద చెట్టు విరిగినట్టు చప్పుడైంది. గుడి ముందుకు జారింది.

జనం గొంతులన్నీ ఒక్కసారి లేచాయి. గంట గూడులో గంట దానంతటది మోగింది. కుక్కలు మొరిగాయి. ఎవరి టోపీయో గాల్లోకి లేచింది. గుడి ఒడ్డు దిగి, సరస్సు అంచు మీద ఒక్క క్షణం కిర్రుమని, గడ్డ మీదికి వచ్చింది. గడ్డ కింద లోతుగా ఉరిమినట్టయింది. ఆ ఉరుము సరస్సు పొడుగునా పరిగెత్తి దూరంగా ఎక్కడో ఆగింది.

"మంచిదే," అని అరిచాడు ఓరిన్ వెనక్కి. "ఉరిమే ఐసు గట్టిది. నడవండి."

నడిచారు. గుడి వాళ్ళ మధ్య నడిచింది. తెల్లటి సరస్సు మీద బూడిదరంగు చెక్క గుడి, కప్పు మీది గొట్టంలోంచి పొగ వదులుతూ. పిల్లలు దాని నీడలో పరిగెత్తారు. ముసలివాళ్ళు పక్కగోడ మీద చెయ్యి పెట్టి, జబ్బుమనిషిని నడిపిస్తున్నట్టు నడిచారు. పక్క కిటికీలోంచి ఫిలిండా అత్త డోనట్లు విసిరింది. పట్టుకున్నవాళ్ళలో మెథడిస్టులే ఎక్కువ. గంట ప్రతి కుదుపుకూ మోగుతోంది. ఎవరూ తాడు పట్టుకోలేదు. అందరూ ఎందుకో నవ్వుతున్నారు. ఓరిన్‌కు మెడ వెనక వేడెక్కింది. రెండేళ్ళలో మొదటిసారి తను గబగబా నడుస్తున్నానని గమనించాడు.

సగం దూరం దాటాక పెద్ద పగులు వచ్చింది. ఏటా అక్కడే వస్తుంది. దాని మీద ముందే పలకలు పరిచి నీళ్ళు పోసి బిగించారు. ఎడ్లు దాటాయి. ఎడమ దూలం పలక మీదకు ఎక్కింది. పలక విరిగింది.

గుడి ఒక పక్కకు వాలింది. పగులులోంచి నీళ్ళు పైకి వచ్చి దారి మీద పరుచుకున్నాయి. లోపల గిన్నెలు జారిన చప్పుడు, ఆడవాళ్ళ కేకలు. జనం విడిపోయి నాలుగు దిక్కులకూ పరిగెత్తారు.

"ఆపు," అన్నారు ఎవరో.

"ఆపితే పోతాం," అన్నాడు ఓరిన్. "గిడియన్, నీ పక్క. హెయ్, బ్రైట్. హెయ్, హెయ్."

ఎడ్లు మెడలు వంచాయి. గిడియన్ మోకాలి లోతు నీళ్ళలో దిగి, దూలం కింద గడ్డపలుగు పెట్టి, తన బరువంతా దాని మీద వేశాడు. పడవలాంటి కప్పు మొత్తం మూలిగింది. ఓరిన్ తండ్రి చెక్కిన మేకులు కిర్రుకిర్రుమన్నాయి. వంగాయి. ఒక్కటీ విరగలేదు. గుడి నిదానంగా లేచి, నీళ్ళు కార్చుకుంటూ ఇవతలికి వచ్చి నిటారుగా నిలబడింది.

కిటికీలోంచి ఫిలిండా అత్త తల బయటికి వచ్చింది. జుట్టంతా పిండి.

"కాఫీ ఒలికింది," అంది. "దీపాలు బాగానే ఉన్నాయి. ఎందుకలా చూస్తారు, నడవండి."

జనం మళ్ళీ దగ్గరికి చేరారు. ఇప్పుడు ముందుకంటే ఎక్కువ గోల. తడిసిన గిడియన్‌ను ఎవరో కంబళిలో చుట్టారు. "మెథడిస్టుకు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు," అని అతనే అందరికంటే గట్టిగా నవ్వాడు.

*

లాండింగ్ ఒడ్డు దగ్గరైంది. దుంగల గోడల మధ్య తొలిచిన దారి కనపడుతోంది. దాని ముందు విట్‌బెక్ పెట్టించిన దుంగ, యంత్రం, గుర్రం ఉన్నాయి. విట్‌బెక్ స్లెడ్జిలో ముందే వచ్చి అక్కడ దిగాడు. చెయ్యెత్తాడు.

"చాల్లే ఓరిన్, ఆపు. ఇక్కడ తిప్పుదాం."

ఓరిన్ వినపడనట్టు నడిచాడు.

"ఆపమంటున్నా."

"ఆపితే దూలాలు గడ్డకు అంటుకుపోతాయి."

"అందుకే గడ్డి పరిపించాను. ఆపు."

ఓరిన్ కర్ర బ్రైట్ మూపు మీదే ఉంది. ఎడ్లు అదే నడకలో సాగాయి. విట్‌బెక్ ముఖం ఎర్రబడింది. ఆయన దారి మధ్యలోకి నడిచి, ఎడ్లకు ఎదురుగా, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. భారీ మనిషి. పిరికివాడు కాదు.

"సంఘం ఓటేసింది," అన్నాడు. "ఇది నీ సొంత గుడి కాదు. నన్ను తొక్కించుకుపోతావా?"

ఆ మాటకు జనం నవ్వులు ఆగాయి. గంట ఒక్కటే మోగుతోంది. ఎడ్లకూ ఆయనకూ మధ్య దూరం తగ్గుతోంది.

"ఓరిన్, ఆగవయ్యా," అన్నాడు గిడియన్ మెల్లగా.

ఓరిన్ విట్‌బెక్ ముఖంలోకి చూశాడు. రెండేళ్ళ కిందట తలుపు సందులోంచి చూసిన ముఖమే. అప్పుడు కూడా ఇలాగే దారికి అడ్డంగా నిలబడింది. ఆగకూడదని అతని ఒళ్ళంతా అంది. కానీ చెయ్యి బరువెక్కింది. మనిషిని తొక్కించుకుంటూ తెచ్చిన గుడిలో తలుపు ఎటుంటే ఏం. ఇంకో నాలుగడుగులు. ఆపాలి. కర్ర ఎత్తి బ్రైట్ ముఖానికి అడ్డంగా పెట్టబోయాడు.

అప్పుడు పక్కనుంచి ఒక గొంతు లేచింది. ఎవరిదో మొదట అతనికి తెలియలేదు. ఆ గొంతు అంత గట్టిగా ఉండగా ఎవరూ వినలేదు. హేల్ అయ్యగారు తెల్లటి అంగీ గాలికి కొట్టుకుంటుండగా, కళ్ళు మూసుకుని విశ్వాసప్రమాణం మొదలుపెట్టారు.

జనం టోపీలు దిగాయి. జనం తూర్పు తిరిగారు. గుళ్ళో ఆడవాళ్ళు అందుకున్నారు.

విట్‌బెక్ చేతులు అలాగే చాచి ఉన్నాయి. ముఖంలో ఏదో పెనుగులాట. తరవాత ఆయన చెయ్యి ఒకటి దానంతటది తల మీదికి పోయి టోపీ తీసింది. రెండో చెయ్యి దిగింది. ఆయన కాళ్ళు తిరిగాయి. ఎడ్లకు వీపు పెట్టి, తూర్పు ముఖంగా, బొంగురు గొంతుతో ఆయన కూడా చెప్పడం మొదలుపెట్టాడు.

ఓరిన్ కర్ర దించాడు. తిరగలేదు. టోపీ తియ్యలేదు. నోరు తెరవలేదు.

బ్రైట్ ముక్కు విట్‌బెక్ వీపుకు తగిలింది. అది ముసలిది, తొందరపడదు. మెత్తగా తోసింది. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. అది మళ్ళీ తోసింది. ఆయన ఇంకో అడుగు వేశాడు. మధ్యలో ఆపి వెనక్కి తిరగడం ఆయనకు చేతకాలేదు. ఆయన పక్కకు తప్పుకోబోతే అటు బక్ కొమ్ము ఉంది. టోపీ గుండెకు ఆనించుకుని, తూర్పు చూస్తూ, ఒక్క మాట కూడా వదలకుండా, విట్‌బెక్ ఎడ్లకు ముందు నడిచాడు. యంత్రం పక్కనుంచి నడిచాడు. తన గుర్రం పక్కనుంచి నడిచాడు. పరిపించిన గడ్డి మీదుగా నడిచాడు. దూరంగా ఉన్నవాళ్ళకు గుడిని ఆయనే ముందుండి తీసుకెళుతున్నట్టు కనపడింది.

అయ్యగారు తొందరపడలేదు. ఒక్కో మాటా విడదీసి చెప్పారు. ఊపిరి తీసుకునే చోట రెండుసార్లు తీసుకున్నారు.

ఎడ్ల డెక్కలు ఒడ్డు ఎక్కాయి. దూలాలు మంచు తొక్కిన దారి మీద బుసకొట్టాయి. "హెయ్," అన్నాడు ఓరిన్, గట్టిగా. "హెయ్, హెయ్." మొదటి జత దుంగల మధ్య దూరింది. రెండో జత దూరింది. గుడి తూర్పు గోడ ఒడ్డు మీదికి లేచి, రెండు పక్కలా చెయ్యెడు సందు వదిలి, దారిలో ఇరుక్కున్నట్టు అమరిపోయింది.

"ఆమెన్," అన్నారు అయ్యగారు.

"ఆమెన్," అన్నాడు విట్‌బెక్. గభాలున వెనక్కి తిరిగాడు. ఎదురుగా ఎడ్ల ముక్కులు. వాటి వెనక దారి నిండా గుడి.

గిడియన్ పగలబడి నవ్వాడు. జనమంతా కలిసింది. లోపలినుంచి ఫిలిండా అత్త గంట తాడు పట్టుకుని ఈసారి కావాలనే మోగించింది.

విట్‌బెక్ దుంగల మీదినుంచి ఎక్కి అయ్యగారి దగ్గరకు వచ్చాడు. "పొద్దున చెప్పాం కదా అయ్యగారూ. మళ్ళీ ఇప్పుడెందుకు?"

"పొద్దున చెప్పింది చిన్న విశ్వాసప్రమాణమండీ," అన్నారు హేల్ అయ్యగారు. గొంతు మళ్ళీ సన్నబడింది. "ఇది పెద్దది."

*

సాయంత్రానికి గుడి పునాది మీద కూర్చుంది. వీపు వీధికి, ముఖం సరస్సుకు. బలిపీఠం తూర్పున.

ఓరిన్ ఎడ్ల కాళ్ళు తుడుస్తుంటే విట్‌బెక్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బాగా లాగావు," అన్నాడు.

ఓరిన్ తుడుస్తూనే ఉన్నాడు.

"ఆ రోజు ఐసు నిజంగా పల్చగానే ఉంది ఓరిన్. నా దగ్గర ఉన్నవి ఆ రెండు గుర్రాలే. నేను రోజూ అనుకుంటూనే ఉంటాను."

"అనుకోండి," అన్నాడు ఓరిన్.

విట్‌బెక్ ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఓరిన్ తల ఎత్తలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. మామూలుగా రానివాళ్ళు కూడా వచ్చారు. గిడియన్ వెనక గోడకు ఆనుకుని నిలబడి, నన్ను చూడకండి, పొయ్యి కోసం వచ్చాను అన్నాడు. బొంతలు విప్పిన మూడు కిటికీల్లోంచి ఎండ బలిపీఠం మీద పడింది. ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. రాత్రికి రాత్రి కొత్త గుడి కట్టినట్టు అందరూ కప్పు వైపూ గోడల వైపూ చూస్తున్నారు.

ఓరిన్ లోపలికి వచ్చాడు. బల్ల మీద కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి, రెండు రెక్కలూ తెరిచి, ఒకదానికి భుజం ఆనించాడు. సరస్సు మీది గాలి నేరుగా నడవ మధ్యనుంచి పోయి, మొదటి బల్లలో విట్‌బెక్ మెడ మీద తగిలింది. విట్‌బెక్ కాలరు పైకి లాక్కున్నాడు.

"తలుపు ముయ్యి ఓరిన్," అన్నారు ఎవరో. "చచ్చిపోతున్నాం."

"మూస్తాను. ఆమెన్ కానివ్వండి."

"ఎందుకు?"

ఫిలిండా అత్త శాలువా బిగించుకుని ముందుకు తిరిగింది. "ఉండనీండి," అంది. "లోపల గాలాడట్లేదు."

విశ్వాసప్రమాణం మొదలైంది. గుడి అంతా తూర్పు చూసింది. ఓరిన్ ఒక్కడే పడమర చూస్తూ నిలబడ్డాడు. తెల్లటి సరస్సు మీద గుడి వచ్చిన దారి రెండు గీతలుగా, నేరుగా, పాయింట్ దాకా కనపడుతోంది. ఆమెన్ అయ్యాక తలుపు మూశాడు.

బతికినన్నాళ్ళూ ప్రతి ఆదివారం అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. మంచు పడినా, వాన కొట్టినా. విట్‌బెక్ బల్ల మార్చుకోలేదు. ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. ఓరిన్ పోయాక అతన్ని పడవలో పాయింట్‌కు తీసుకెళ్ళారు. ఆ తరవాతి ఆదివారం తలుపు మూసి ప్రార్థన మొదలుపెట్టబోతే జనం ఊరికే వెనక్కి తిరిగి చూశారు. మొదటి బల్లలోంచి ముసలి విట్‌బెక్ లేచి, కర్ర పొడుచుకుంటూ నడవ దాటి వెళ్ళి, తలుపు తెరిచాడు.

ఇప్పటికీ సెయింట్ బార్నబస్‌లో విశ్వాసప్రమాణం అయ్యేదాకా తలుపు తెరిచే ఉంచుతారు. కొత్తవాళ్ళు చలికి వణుకుతూ అడుగుతారు. ఎపిస్కోపల్ వాళ్ళ ఆచారం అలాంటిదేనని చెబుతారు.

అలాంటి ఆచారం ఇంకెక్కడా లేదు.